ఎవరి పేరు ముందు

నవంబరు 18

నాకు మాటలు రావు. డోలు మీద వస్తాయి. మా బ్యాండు కెప్టెన్ పడక పట్టాక డోలు గోడకి తగిలించేశాను. అందుకని పెన్ను పట్టుకున్నాను. ఊరి బళ్ళో నాలుగో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే ఉండనీ, చూసేదెవరు.

ఈరోజు కెప్టెన్ బాగున్నాడు. అమలా ముద్ద సగం తిన్నాడు.

నవంబరు 21

మంచం వద్దన్నాడు. పరుపు మీద వెన్ను నిలవడం లేదట. కింద చాప వేయించుకున్నాడు. ఆయన భార్య, ఫోలాకె వాళ్ళమ్మ, దుప్పటి సర్దుతూ గొణుగుతూనే ఉంది.

"కెప్టెన్ అడిసా అంటే లాగోస్ నుంచి కనో దాకా పేరు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? నేల మీద పడేశానని నన్ను తిట్టరూ?"

"తిట్టనీవే. చాప మీదే పుట్టాను. నాకేం కొత్తా?"

"పుట్టినప్పుడు ఈ పొట్ట లేదుగా మీకు!"

నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఉంది. అయినా బాగున్నాడు.

నవంబరు 24

ఇబాదాన్ రేడియో నుంచి ఒకమ్మాయి వచ్చింది. దేశంలో పేరున్నవాళ్ళ జీవితాలు వరసగా చెప్పే కార్యక్రమమట. పాటలు పాడేవాళ్ళు, చెక్క బొమ్మలు చెక్కేవాళ్ళు, నాటకాలాడేవాళ్ళు, మంత్రులు. కెప్టెన్ మంచి టోపీ తెప్పించి పెట్టుకున్నాడు. చాప మీద పడుకుని టోపీ.

మొదటి గిటారు ఎవరిచ్చారు, మొదటి రికార్డు ఎప్పుడు వేశారు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాడు. కొన్ని జరిగినవి, కొన్ని జరిగితే బాగుండేవి. నేను గుమ్మం పక్క కూర్చుని విన్నాను. మధ్యలో ఆ అమ్మాయి అంది:

"పోయిన వారం రోడ్ల మంత్రిగా చేసిన చీఫ్ అలావ్ గారి జీవితం చెప్పాం సార్. ఆయనదీ మీ ఇలొడొ ఊరేనట. మీకు పరిచయమా?"

"పేరు విన్నాను."

"అన్నదమ్ములెవరూ లేరన్నారాయన."

"నాకూ లేరు. రాసుకో తల్లీ."

ఫోలాకె వాళ్ళమ్మ గిన్నె గట్టిగా కింద పెట్టింది. నేను నా గోళ్ళు చూసుకున్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక కెప్టెన్ నన్ను పిలిచాడు.

"అయన్‌రిండే."

"అయ్యా."

"వాడి కార్యక్రమం రేడియోలో ఎంతసేపు వచ్చిందో కనుక్కో. నాది అంతకంటే తక్కువ వచ్చిందా, ఊరుకోను."

నవంబరు 25

నిన్నటిది ఒకటే తిరుగుతోంది బుర్రలో.

తండ్రి ఒకడే. తల్లులిద్దరు. ఒకే రాత్రి, పక్కపక్క గదుల్లో, ఇద్దరు మగపిల్లలు. ఒకడు అడిసా, ఒకడు అలావ్. ఎవరు ముందు? అడిసా తల్లి నా కొడుకే అంది. అలావ్ తల్లి నా కొడుకే అంది. మంత్రసాని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగులు పెట్టి పెట్టి తనకే తెలియలేదంది. వాళ్ళ నాన్నని అడిగితే, "ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు" అనేవాడు. ఎవడు ఎదురొస్తే వాణ్ణే "పెద్దోడా" అని పిలిచేవాడు. ఇద్దరూ వస్తే ఊరికే "రండి" అనేవాడు. తెలివైన మనిషి. ఆయన బతికున్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

ఆయన పోయిన రోజు నేనక్కడే ఉన్నాను, డోలుతో. మొదటి పిడికెడు మట్టి పెద్ద కొడుకే వెయ్యాలి. ఇద్దరూ ఒక్కసారే వంగారు. ఇద్దరూ మట్టి తీశారు. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకున్నారు. అప్పటికి ఒకాయన మంత్రి, ఒకాయన పాట వినబడని పెళ్ళి లేదు. ఊరంతా చూస్తోంది, ఇబాదాన్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చూస్తున్నారు.

"పాటలు పాడుకునేవాడివి, నువ్వు నాకు అన్నవా?" అన్నాడు అలావ్.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. చివరికి పాస్టరే మట్టి వేశాడు.

ఆ ఏడే కెప్టెన్ పాట కట్టాడు. రోడ్లన్నీ వేశాడట, అన్న ఇంటికి దారి మాత్రం మరిచిపోయాడట, అని. పిల్లలు కూడా పాడుకుంటూ బడికి వెళ్ళేవాళ్ళు. మంత్రి రేడియోలో ఆ పాట వెయ్యనివ్వలేదు. వెయ్యనివ్వకపోయేసరికి ఇంకా పాడారు. ఆ రికార్డులో డోలు నాదే. డోలుకి ఏముంటుంది, చెప్పమన్నది చెబుతుంది.

ఆనాటి నుంచీ మాటల్లేవు. రావాల్సింది తమ్ముడు కదా అని ఈయన. తమ్ముడే రావాలి కదా అని ఆయన.

నాకేం. నేను డోలు వాయించేవాణ్ణి.

నవంబరు 28

మా తమ్ముడు అయన్‌కున్లె గుర్తొచ్చాడు, ఎందుకో. వాడు పోయినప్పుడు నేను గుంట దగ్గరికి పోలేదు. పెద్దవాడు చిన్నవాడి గుంట చూడకూడదు కదా. వెనక గదిలో కూర్చుని డోలు తాళ్ళు బిగించుకున్నాను. పెట్టె దించుతుంటే తాడు రాసుకునే చప్పుడు గోడ అవతల్నుంచి వినబడింది. గోడ చాలా పలచన.

వాడికి ఒక పిడికెడు వేసి ఉంటే బాగుండేది. అలా అనుకోకూడదు. అయినా.

డిసెంబరు 2

బాగున్నాడు. గంజి, రెండు గరిటెలు.

డిసెంబరు 3

బాగున్నాడు. గంజి.

డిసెంబరు 4

రోడ్డు మీద కారు చప్పుడైతే తల తిప్పుతున్నాడు.

"ఎవరు?"

"యామ్ దుంపల లారీ అయ్యా."

"నేనెవరి కోసమూ అడగలేదు. ఊరికే అడిగాను."

కాసేపటికి మళ్ళీ, "ఎవరు?"

డిసెంబరు 7

ఇబాదాన్ వెళ్ళొచ్చాను. డోలుకి కొత్త తోలు కొనాలని చెప్పి, డోలు తీసుకుని పొద్దున్నే వ్యాన్ ఎక్కాను. తోలు నిజంగానే కొనాలి.

ఆ వీధి అంతా పెద్ద గోడలు. కాపలా మనిషి నన్ను పైకీ కిందికీ చూసి అన్నాడు:

"ఎవరు కావాలి తాతా?"

చెప్పాలి. నోరు పెగల్లేదు. ఎప్పుడూ అంతే నాకు.  డోలు చంకలో పెట్టుకుని వంపు పుల్ల తీశాను. అలావ్, ఇలొడొ కొండ కింద పుట్టినవాడా, ఇంట్లో ఉన్నావా, నీ తాతల పేరు చెప్పి పిలుస్తున్నాను, బయటికి రా. అంతే వాయించాను. తాతల పేరు చెప్పి డోలు పిలిస్తే ఎంత మంత్రయినా లోపల కూర్చోలేడు.

వచ్చాడు. బనీను మీదే వచ్చాడు, కాలికి ఒకటే చెప్పు. జుట్టంతా తెల్లబడింది. నేను సాష్టాంగపడ్డాను.

"లే, లే. ఇంకా బతికే ఉన్నావూ?"

"ఉన్నానయ్యా."

"వాడు పంపాడా?"

"లేదయ్యా."

"మరి?"

"బాగున్నాడయ్యా."

"బాగున్నాడని చెప్పడానికి రెండు వ్యాన్లు మారి వచ్చావా?"

 లోపలికి తీసుకెళ్ళాడు. ఆ హాల్లో గోడల నిండా ఫొటోలు. పోయిన గవర్నర్లు, పోయిన రాజులు, వాళ్ళ పక్కన ఈయన. ఇంట్లో మనిషి అలికిడి లేదు. కరెంటు లేదు. నాకు తనే కుర్చీ లాగాడు. నేను కింద కూర్చున్నాను.

"చూడు, నేను పెద్దవాణ్ణి. చిన్నవాడు రావాలి. నేను చేసిన పద్ధతి కాదిది. రమ్మను, తలుపు తీసే ఉంటుంది."

"అవునయ్యా."

"వాడేం తక్కువవాడు కాదు. మొండి. వాళ్ళమ్మ మొండితనం."

"అవునయ్యా."

"ఏం తింటున్నాడు?"

"గంజి."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. 

"వాడికి గంజి అంటే అసహ్యం. చిన్నప్పుడు తన గంజి నా గిన్నెలో పోసేవాడు. ఇద్దరిదీ నేనే తాగేవాణ్ణి."

సెలవు తీసుకుని వచ్చేశాను. ఆయన వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

డిసెంబరు 8

"తోలు ఏదీ?" అన్నాడు కెప్టెన్.

"మంచిది దొరకలేదయ్యా."

"అవునా. వాడింట్లో తోలు కూడా అమ్ముతున్నాడేమో అనుకున్నాను."

తల వంచుకున్నాను. వంపు పుల్ల నా జేబులోంచి కనబడుతూనే ఉంది.

"లావయ్యాడా?"

"చిక్కాడయ్యా."

అటు తిరిగి పడుకున్నాడు. సంతోషించాడో బాధపడ్డాడో తెలియలేదు.

డిసెంబరు 11

ఎవరూ రాలేదు. పెట్రోలు దొరకడం లేదట ఇబాదాన్‌లో. బంకుల దగ్గర కార్లు రాత్రంతా నిలబడుతున్నాయట. అందుకే.

డిసెంబరు 12

పెట్రోలే కారణం.

డిసెంబరు 14

వచ్చాడు.

మధ్యాహ్నం. పాత పెజో కారు, దుమ్ము కొట్టుకుపోయి. ఆ రోడ్డు ఆయన వేయించిందే, ఇప్పుడు గుంతలు. తెల్ల అగ్బాడా అంగీ చేతులు భుజాల మీదికి ఎగేసుకుంటూ దిగాడు. వీధిలో వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. నేను గోడకున్న డోలు వైపు చూసి, చూపు తిప్పుకున్నాను. ఇద్దరూ ఒకచోట ఉంటే నేను డోలు ముట్టను. పెద్దవాడి పేరే డోలు మీద ముందు రావాలి. ఇన్నేళ్ళూ అలాగే తప్పించుకొచ్చాను.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు అలావ్. లోపలికి అడుగుపెడితే ఎవరో ఒకరు చిన్నవాడై సాష్టాంగపడాలి కదా. ఫోలాకె వాళ్ళమ్మ మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టింది, గుడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది. చాప మీంచి కెప్టెన్ చూస్తున్నాడు.  ఈగ తిరుగుతోంది.

అప్పుడు కెప్టెన్ అన్నాడు:

"ఏంట్రా అలా నిలబడ్డావు? నీ కోసం నేల మీద పడి ఎన్నాళ్ళయిందో తెలుసా? లేవనైనా లేవలేదు. నువ్వే ఆలస్యంగా చూశావు."

 

"అంటే, చిన్నోణ్ణని ఒప్పుకున్నట్టేనా?"

"కళ్ళు కనబడవా? వెల్లకిలా పడుకున్నాను. సాష్టాంగం అంటే బోర్లా."

అలావ్ ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత భుజాలు ఊగాయి, తర్వాత అది నవ్వు కాదు. గోడ పట్టుకుని కూర్చోబోయాడు. మోకాలు వంగలేదు. నేను పట్టుకున్నాను. మెల్లగా దించాను. చాప అంచున చతికిలబడి, అటే ఒరిగిపోయాడు. ఇద్దరు ముసలివాళ్ళు ఒకే చాప మీద, కప్పు చూస్తూ.

"ఈ కప్పుకి ఏంటిన్ని చిల్లులు? లాగోస్ నుంచి కనో దాకా పేరట."

"రోడ్లు చూసుకో నువ్వు. కప్పు నేను చూసుకుంటా."

సాయంత్రం దాకా అలాగే. మామయ్య కోకో తోటలో కాయలు పగలగొట్టి తెల్లగుజ్జు చప్పరించి దొరికిపోవడం, ఇద్దరికీ ఒకే బెత్తం, ముందు ఎవరికి అంటే ఇద్దరూ "వాడే పెద్దోడు, వాడికి ముందు" అనడం. అది చెప్పుకుని మళ్ళీ నవ్వారు. ఇద్దరమ్మలూ ఒకే నీళ్ళు కాచి ఒకే పీచుతో ఇద్దరినీ రుద్దడం. ఎవరి కొడుకు ఎవరి చేతిలో ఉన్నాడో చూసుకోకుండా.

ఫోలాకె వాళ్ళమ్మ గంజి తెచ్చింది. కెప్టెన్ మొహం తిప్పుకున్నాడు. అలావ్ గిన్నె తీసుకుని రెండు గుక్కలు తాను తాగి, మిగిలింది ఆయన నోటికి అందించాడు.

అంతా తాగాడు. అంతా.

డిసెంబరు 15

పొద్దున వెళ్ళేటప్పుడు మళ్ళీ మొదలు.

"ఎంతయినా నేనే పెద్ద. మా అమ్మ అబద్ధమాడదు."

"మా అమ్మ ఆడుతుందా? ఇంకో పాట కట్టమంటావా?"

"కట్టు. ఈసారి రేడియోలో నేనే వేయిస్తా."

వచ్చే ఆదివారం వస్తానన్నాడు. కారు మలుపు తిరిగేదాకా కెప్టెన్ తల అటే పెట్టుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"అయన్‌రిండే, నేను పోయాక మా ఇద్దరిలో ఎవరి పేరు ముందు పలికిస్తావు?"

"మీరు బాగున్నారయ్యా."

"అడిగింది అది కాదు."

నేను నీళ్ళు తెస్తానని లేచిపోయాను.

డిసెంబరు 18

బాగున్నాడు. నిద్రపోతున్నాడు.

డిసెంబరు 19

హర్మటాన్ పొడిగాలి మొదలైంది. పెదాలు పగులుతున్నాయి. డోలు తోలు బిగుసుకుపోయింది.

డిసెంబరు 23

శనివారం తెల్లవారుజామున పోయాడు కెప్టెన్. ఆదివారం కారు వచ్చింది.

ఇంతే రాయగలను.

జనవరి 9

నిన్న మట్టి చేశారు. మెల్లగా రాస్తాను.

ఇంటి ముందే గుంట తవ్వారు. ఎర్రమట్టి కుప్ప. గవర్నరు మనుషులు వచ్చారు, రేడియో అమ్మాయి వచ్చింది, నాలుగు బ్యాండ్లు వచ్చాయి. బంధువులందరికీ ఒకటే రకం నీలం గుడ్డ, నాక్కూడా కుట్టించింది ఫోలాకె వాళ్ళమ్మ.

అలావ్ ముందు రోజే వచ్చాడు. ఆయన మీద పెద్దల్లో మాట నడిచింది. ఇప్పుడు వాళ్ళ వంశంలో అందరికంటే పెద్దది వాళ్ళ మేనత్త అబెజె. కళ్ళు సరిగా కనబడవు గాని గొంతు కంచు. ఆవిడే తేల్చేసింది.

"అలావ్, నువ్వు పెద్దోణ్ణని ఊరంతా టాంటాం వేశావు. అలాగే, పెద్దోడివే. ఇప్పుడు అడ్డం చెప్పేవాడు కూడా లేడు. పెద్దోడు చిన్నోడి గుంట చూడకూడదు. లోపల కూర్చో."

 అలావ్ కెప్టెన్ పడుకున్న గదిలోకే వెళ్ళాడు. తలుపు వేశారు. చాప ఇంకా అక్కడే చుట్టిపెట్టి ఉంది. గోడ ఎంత పలచనో నాకు తెలుసు.

పెట్టె దించారు. తాడు రాసుకుంది. కెప్టెన్‌కి అందరూ ఆడపిల్లలే, ఫోలాకె పెద్దది గనక ముందు తను వేసింది. తర్వాత మిగతా పిల్లలు. తర్వాత పాస్టర్ అన్నాడు:

"తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రావాలి."

ఇద్దరు చెల్లెళ్ళు వచ్చారు. వేశారు. పాస్టర్ పుస్తకం తిరగేశాడు.

తలుపు తెరుచుకుంది.

అలావ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తెల్లజుట్టు మీద ఎండ. జనం చీలి దారిచ్చారు. అబెజె అత్త ఆ అడుగుల చప్పుడు పట్టేసింది.

"ఎవరది? అలావా? లోపలికి పో! బుద్ధుందా? పెద్దోళ్ళు రాకూడదు!"

"ఎవరత్తా పెద్ద?"

"నువ్వేగా! చచ్చేదాకా వాడి ప్రాణం తీశావు ఆ మాట కోసం!"

"పెద్దోడు అందులో ఉన్నాడత్తా. తమ్ముళ్ళని పిలిచారు. వచ్చాను."

అని, గుంట అంచున, మెల్లగా, ఒక చెయ్యి నేలకి ఆన్చి, ఆ వంగని మోకాలుతోనే కిందికి దిగాడు. బోర్లా. పూర్తిగా. తెల్ల అగ్బాడా ఎర్రమట్టిలో. నుదురు మట్టికి ఆన్చి, "అన్నా" అన్నాడు. ఒక్కసారే. గవర్నరు మనుషుల్లో ఒకాయన టోపీ తీసేశాడు.  అబెజె అత్త చెయ్యి గాల్లో వెతుకుతోంటే ఎవరో పట్టుకున్నారు.

పడుకునే పిడికెడు తీసి వేశాడు అలావ్. పెట్టె మీద పడ్డ చప్పుడు అందరికీ వినబడింది.

అప్పుడు నన్ను చూశాడు. పడుకునే చూశాడు.

డోలు నా చంకలోనే ఉంది. ఎప్పుడు తీసుకొచ్చానో నాకే తెలియదు. కొట్టాను. అడిసా, కొండ కింద పెద్దవాడా. ముందు అది. మూడుసార్లు. ఆ తర్వాత, అడిసా తమ్ముడు అలావ్.

ఊళ్ళోవాళ్ళకి డోలు మాట తెలుసు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

ఆయన్ని లేపడానికి ముగ్గురం కావలసివచ్చింది.

జనవరి 10

మీరడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాను కెప్టెన్. కాస్త ఆలస్యంగా.

ఫిబ్రవరి 16

రేడియోలో కెప్టెన్ కార్యక్రమం వచ్చింది. అలావ్ ఇబాదాన్ నుంచి వచ్చాడు, ఇక్కడ కూర్చుని వినాలని. గుంట పక్కనే కుర్చీలు వేసుకున్నాం. ఆయన చేతికి గడియారం.

రోడ్ల పాట కూడా వేశారు. ఇన్నేళ్ళ తర్వాత రేడియోలో. నా డోలు, నేనే గుర్తుపట్టలేదు, అంత చురుగ్గా ఉంది. అలావ్ కాలితో తాళం వేశాడు. అన్న ఇంటికి దారి మరిచిపోయాడట అన్నచోట కళ్ళు మూసుకున్నాడు.

అయిపోయాక గడియారం చూశాడు.

"నాదానికంటే ఎక్కువసేపు ఇచ్చారు."

"అవునయ్యా."

"ఇవ్వాలి. పెద్దవాడు కదా."

ఫోలాకె వాళ్ళమ్మ అమలా, ఎవెడు ఆకు పులుసు తెచ్చింది. తిన్నాడు. చేతులు కడుక్కున్నాడు. ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆగి, గుంట వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"నిజానికి ముందు పుట్టింది నేనే. తెలుసా నీకు?"

"తెలుసయ్యా."

"వాడికి వినబడనివ్వకు."

"ఎందుకు వినబడనిస్తానయ్యా."

తల ఊపి కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపటికి అన్నాడు:

"డోలు తియ్యి. వాడి పేరే ముందు."